గుగ్గిలం చెట్ల కింద తల వంచి పూసే నేల ఆర్కిడ్: పేరేమిటి, కుండీలో నిలుస్తుందా?

వంశధార_గట్టు (గుణుపూర్)

అందరికీ నమస్కారమండి. ఒడిశాలోని మా గుణుపూర్ చుట్టుపక్కల కొండవాలుల్లో, గుగ్గిలం చెట్ల నీడన, మృగశిర కార్తె జల్లులు పడ్డాక ఒక నేలమొక్క పూస్తుంది. ఆకులు మూడో నాలుగో ఉంటాయి, ఒక్కోటి అడుగు పొడవు. నిలువునా మడతలు పెట్టినట్టు ఈనెలు తేలి కనిపిస్తాయి. ఆకుల మొదలు పక్కనుంచి జానెడు, జానెడున్నర కాడ లేచి, చివర పూర్తిగా కిందికి వంగిపోతుంది. పూలగుత్తి ఆ వంపులోనే ఉంటుంది. పూలు తెలుపు, కొన్ని లేత గులాబీ. కింది పెదవి రేకు మీద ఊదా గీతలు, మధ్యలో పసుపు. సంక్రాంతి నాటికి వెతికితే ఆ చోట ఒక్క ఆకు కూడా ఉండదు.

దీని పేరేమిటి? నర్సరీల్లో "గ్రౌండ్ ఆర్కిడ్" పేరుతో అమ్ముతున్న ఊదా పూల మొక్క, ఇది ఒకటేనా? మేడ మీద తూర్పు వైపు చోటుంది, పదకొండింటి దాకా ఎండ తగులుతుంది. అక్కడ పెంచొచ్చా? ఈ దుంపలు సంతలో అడిగితే తెచ్చిపెడతామని అంటున్నారు, తీసుకోవచ్చా?

---

కొండమెట్ట (కొరాపుట్)

మీరు చెప్పిన గుర్తులన్నీ జియోడోరమ్ డెన్సిఫ్లోరమ్‌కి సరిపోతున్నాయండి. ఈమధ్య వర్గీకరణ మార్చి జియోడోరమ్ ప్రజాతి మొత్తాన్ని యులోఫియాలో కలిపేశారు. కొత్త జాబితాల్లో యులోఫియా కింద, పాత పుస్తకాల్లో జియోడోరమ్ కింద వెతకండి. మన దేశం, శ్రీలంక మొదలుకొని ఆగ్నేయాసియా మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల దాకా పెరిగే మొక్క ఇది.

అనుమానం తీరాలంటే పూలు రాలాక మళ్ళీ వెళ్ళి చూడండి. పూత మీద ఉన్నప్పుడు వంగిన కాడ, కాయ కట్టిన తరవాత నెమ్మదిగా నిటారవుతుంది. ఆగస్టు నెలాఖరుకి నిలువు గట్లు తేలిన కాయలు పైకి లేచిన కాడ మీద ఉంటాయి. మన కొండల్లోని మిగతా నేల ఆర్కిడ్లలో ఈ లక్షణం ఇంత స్పష్టంగా కనపడదు.

పూత లేనప్పుడు మాత్రం చాలామంది నేలతాడిని చూసి ఇదే అనుకుంటారు. రెండూ ఒకే నీడలో, ఒకే నేలలో మొలుస్తాయి, రెండిటి ఆకులూ మడతలవే. నేలతాడి ఆకు బాగా సన్నం. పువ్వు నేలకి ఆనుకుని, ఆరు రేకులతో పచ్చగా ఉంటుంది. దుంప నల్లగా, నిలువుగా లోతుకి దిగిపోతుంది. జియోడోరమ్ దుంపలు గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి అడ్డంగా గొలుసు కట్టి ఉంటాయి. ఆ గొలుసులో ఒక్కో దుంప ఒక్కో ఏటిది. కొత్త మొలక ఎప్పుడూ చివరి దుంప పక్కనుంచే వస్తుంది.

ఇక అది పెరిగే చోటు. దీన్ని అర్థం చేసుకుంటే పెంపకం సగం వచ్చినట్టే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గుగ్గిలం తూర్పు కనుమల్లో దక్షిణానికి ఉత్తరాంధ్ర దాకానే వస్తుంది. మన రాయగడ, కొరాపుట్, గజపతి కొండలు దాని చివరి హద్దుకి దగ్గర. ఇక్కడ గుగ్గిలంతో పాటు మద్ది, ఇప్ప, తునికి, నేరేడు, వెదురు కలిసి ఉంటాయి. జియోడోరమ్ మరీ చీకటిగా ఉన్న అడవి నడిబొడ్డున ఉండదు, పూర్తి ఎండలోనూ ఉండదు. కొమ్మల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడే చోట, అడవి అంచున, పాత బండిబాట పక్కన ఎక్కువ. వాలు మీద ఉంటుంది గాని గెడ్డ ఒడ్డున నీరు నిలిచే పల్లంలో ఉండదు. ఎంత ముసురు పట్టినా నీరు దాని మొదట్లో గంటసేపు కూడా ఆగదు.

ఆ చోట పై ఆకుల్ని చేత్తో మెల్లగా పక్కకి జరిపి చూడండి, మొక్కని కదపకుండా. పైన పోయినేటి గుగ్గిలపాకులు ఎండి గలగలమంటాయి. వాటి కింద సగం చివికిన ఆకులు, ఒకదానికొకటి సన్నటి తెల్ల పోగులతో అతుక్కుని ఉంటాయి. ఆ కింద రెండు మూడు వేళ్ళ మందాన నల్లగా పొడిపొడిగా ఉండే ఆకుమట్టి. దాని అడుగున ఒక్కసారిగా రాళ్ళు కలిసిన ఎర్రమట్టి మొదలవుతుంది. దుంపలు సరిగ్గా నల్లమట్టి, ఎర్రమట్టి కలిసే గీత దగ్గర కూర్చుంటాయి. వేళ్ళు లావుగా, తెల్లగా, ఆ నల్లటి పొరలోనే పక్కలకి పాకుతాయి. ఎర్రమట్టిలోకి దిగేవి తక్కువ. అంటే తిండి పైపొరలో, కింద నీరు జారిపోయే రాళ్ళమట్టి.

ఏడాది లెక్క ఇలా ఉంటుంది. రోహిణి ఎండల చివర, తొలి చినుకులకి మొలక. జూన్, జులైల్లో ఆకు, పువ్వు దాదాపు ఒకేసారి. సెప్టెంబర్ దాకా ఆకులు తయారుచేసిన పిండి కొత్త దుంపలోకి చేరుతుంది. స్వాతి కార్తె దాటాక ఆకులు పండుతాయి. డిసెంబర్ నుంచి మే దాకా నేలలో నిద్ర. కాబట్టి సంక్రాంతికి కనపడకపోవడం చావు కాదు, అది దాని పద్ధతి.

మంట గురించి కూడా చెప్పాలి. ఇప్పపూలు ఏరడానికి మార్చి, ఏప్రిల్‌లో చెట్ల కింద ఆకులు తగలబెడతారు. ఆ మంట నేల మీదుగా వేగంగా పోతుంది, దుంపలు లోపల ఉంటాయి కాబట్టి ఒక్కసారికి చావవు. ఏటా కాలిస్తే మాత్రం ఆ నల్లటి పొర తయారు కాదు, వేళ్ళు పాకడానికి చోటు మిగలదు. మే చివర ఆలస్యంగా వచ్చే మంటకి లేత మొలకలే మాడిపోతాయి. లాంటానా అనే కలుపు పొద కమ్ముకున్న చోట ఇంకో నష్టం. ఆకుమట్టి ఉన్నా కింద వెలుతురు ఉండదు, మొక్క ఆకు వేస్తుంది గాని పువ్వు రాదు.

---

కుండీసాగు (పర్లాకిమిడి)

కొండమెట్ట గారు చోటు గురించి చెప్పేశారు, నేను కుండీ సంగతి రాస్తాను.

నర్సరీ ఊదా పూల మొక్క వేరే. అది స్పాథోగ్లాటిస్ ప్లికేటా. ఆకు సన్నం, రెండు మూడు అడుగుల పొడవు, కాడ నిటారుగా ఉండి చివరన ఒకటి రెండు పూలు విడుస్తూ నెలల తరబడి పూస్తుంది. ముఖ్యమైన తేడా ఏమిటంటే దానికి పూర్తి నిద్ర లేదు. ఏడాది పొడుగునా కొన్ని ఆకులుంటాయి, ఏడాది పొడుగునా తడి కావాలి. జియోడోరమ్‌కి దాని లెక్కన శీతాకాలంలో నీళ్ళు పోస్తే దుంప కుళ్ళుతుంది. స్పాథోగ్లాటిస్‌ని జియోడోరమ్‌లా ఎండబెడితే దుంప ముడుచుకుపోతుంది. రెండిటినీ ఒకే కుండీలో, ఒకే వరసలో పెట్టకండి.

జియోడోరమ్‌కి లోతైన కుండీ అక్కర్లేదు. పది పన్నెండు అంగుళాల వెడల్పు, ఏడెనిమిది అంగుళాల లోతు ఉన్న మట్టి గమేళా చాలు. అడుగున వేలు దూరేంత కన్నాలు నాలుగైనా ఉండాలి. సిమెంటు చప్టా మీద నేరుగా పెట్టకుండా మూడు ఇటుక ముక్కల మీద ఎత్తి పెట్టండి, లేకపోతే వానకి కన్నాలు మూసుకుపోతాయి.

మట్టి కలపడానికి: రాళ్ళున్న ఎర్రమట్టి రెండు పాళ్ళు, గరుకు నది ఇసుక రెండు పాళ్ళు, బాగా చివికి నల్లబడిన ఆకుమట్టి రెండు పాళ్ళు, బఠాణీ గింజంత ఇటుక ముక్కలో బొగ్గు ముక్కలో ఒక పాలు. తవ్వి తెచ్చిన ఎర్రమట్టి జల్లెడ పట్టి మెత్తటి దుమ్ము తీసేయండి. ఆ దుమ్మే రెండు వానలకి కుండీ అడుగున గట్టిపడి నీళ్ళు ఆపుతుంది. పశువుల గెత్తం ఎంత పాతదైనా దుంప పక్కన వద్దు. కొబ్బరిపొట్టు ఒక్కటే నింపి అమ్ముతుంటారు, అది ముసురు రోజుల్లో పది రోజులైనా ఆరదు. వాడితే ఆకుమట్టిలో సగానికి మించి వాడకండి, అదీ మూడు నాలుగు నీళ్ళు మార్చి ఉప్పు కడిగాకే.

దుంప పైభాగం మీద రెండు మూడు సెంటీమీటర్ల మట్టి ఉండేలా పెట్టండి. స్పాథోగ్లాటిస్‌కి దీనికి విరుద్ధం, దాని దుంప సగం పైకి కనపడాలి. ఒక్క దుంప విడదీసి నాటితే రెండేళ్ళు ఆకే వేస్తుంది. కనీసం మూడు దుంపల గొలుసు, చివర మొలక కన్ను ఉన్నది కావాలి. గొలుసు కోస్తే కోసిన చోట బొగ్గుపొడి అద్ది రెండు రోజులు నీడన ఆరనివ్వండి. మార్పిడికి ఏప్రిల్ సరైన నెల, మొలక రాకముందు. మొలక వచ్చాక కదిపితే కొత్త వేళ్ళ కొసలు విరుగుతాయి, ఆ ఏడు ఇక అంతే.

నీళ్ళు: మొలక నాలుగు వేళ్ళు లేచేదాకా చేత్తో చిలకరించడమే. ఆకులు విప్పాక రెండు మూడు రోజులకోసారి పూర్తిగా తడిపి, పైన అంగుళం ఆరనివ్వాలి. వాన పట్టిన వారం అసలు వద్దు. అక్టోబర్ నుంచి తగ్గించి, ఆకులు సగం పండగానే ఆపేయండి. పండిన ఆకుల్ని పీకకూడదు, ఎండి వాటంతటవి ఊడిపోవాలి. అందులోని పిండంతా దిగాలి కదా.

నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటరు నీటికి అర గ్రాము, పదిహేను రోజులకోసారి, జూన్ చివరి నుంచి సెప్టెంబర్ మధ్య వరకే. తడి మట్టి మీదే పోయాలి, పొడి మట్టి మీద పోస్తే వేళ్ళ కొసలు మాడతాయి.

మీ తూర్పు ఎండ జులై తరవాత బాగానే ఉంటుంది. మే, జూన్ మొదట్లో మాత్రం పదకొండింటి దాకా అంటే ఎక్కువ, లేత ఆకు మడతల మీద తెల్లగా కాలిన మచ్చలు పడతాయి. యాభై శాతం షేడ్‌నెట్ కట్టండి.

---

వంశధార_గట్టు (గుణుపూర్)

చాలా కృతజ్ఞతలండి. ఇంకో సంగతి. నర్సరీ ఊదా పూల మొక్క మా ఇంట్లో ఒకటుంది. వారం రోజులుగా దాని బయటి ఆకులు పచ్చబడి, మొదలు దగ్గర మెత్తబడుతున్నాయి. మట్టి మీద తెల్లటి పోగులు విసనకర్రలా పరుచుకున్నాయి. అడవిలో ఆకుల కింద ఉంటాయని చెప్పిన తెల్ల పోగులు ఇవేనా? మేలు చేసేవే అయితే ఉంచేస్తాను.

---

ఆకుమట్టి (రాయగడ)

ఉంచకండి, ఈరోజే ఆ కుండీని మిగతా వాటికి దూరంగా జరపండి.

అడవిలో ఆకుల్ని అతికించే పోగులు చాలామట్టుకు ఆకుల్ని చివికించే శిలీంధ్రాలవి. ఆర్కిడ్‌కి తోడుండే శిలీంధ్రం వేరు లోపల, పైతొక్క కింది కణాల్లో చుట్టలుగా ఉంటుంది, కంటికి కనపడదు. మీ కుండీలో మొదలు మెత్తబడటం, విసనకర్రలా పరుచుకోవడం చూస్తే స్క్లెరోషియం రోల్ఫ్‌సీ అనే తెగులు శిలీంధ్రం అనిపిస్తోంది. వేరుశనగలో కాండంకుళ్ళు తెచ్చేది ఇదే. దగ్గరగా చూడండి. పోగుల మధ్య మొదట తెల్లగా, తరవాత గోధుమరంగుకి తిరిగే ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలుంటే అదే ఖాయం.

నీరుకారుతూ, దుర్వాసన వేస్తూ, పోగులేమీ లేకుండా మెత్తబడితే అది బాక్టీరియా కుళ్ళు. దానికి శిలీంధ్రనాశని పని చేయదు. కుళ్ళినంత మేర కోసి, ఎండబెట్టడమే.

ఇప్పుడు చేయాల్సింది. మొక్కని తీసి మట్టంతా కడిగేయండి. మెత్తబడిన దుంపల్ని, వాటి పక్కన గట్టిగా ఉన్న ఒక దుంపని కూడా కలిపి కోసి తీసేయండి. తెగులు కనపడే చోటు కన్నా ముందుకి పాకి ఉంటుంది, అక్కడ కక్కుర్తి పడితే మిగిలినవీ పోతాయి. ప్రతి కోతకీ కత్తిని నిప్పు మీద కాల్చండి. మిగిలిన గట్టి దుంపల్ని నీడన రెండు రోజులు ఆరబెట్టి, కొత్త మట్టిలో పెట్టి, హెక్సాకొనజోల్ ఐదు శాతం మందు లీటరు నీటికి రెండు మిల్లీలీటర్లు కలిపి మొదలు తడిసేలా ఒకసారి పోయండి. కార్బెండజిమ్ దీని మీద పెద్దగా పనిచేయదు, దుకాణంలో అదిస్తే తీసుకోకండి. చేతికి గ్లవ్స్ మరవొద్దు.

పాత మట్టిని తోటలో పారబోయకండి. ఆ గింజలు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి, టమాటా, మిరప, బంతి వేటినీ వదలవు. నల్లటి సంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చేయండి. కుండీని మరిగే నీళ్ళతో కడిగి ఎండలో పెట్టండి.

ఎందుకొచ్చిందంటే, ఈ శిలీంధ్రానికి వెచ్చదనం, మట్టి పైన తడి, ఇంకా చివకని పచ్చి ఆకులు మూడూ కలిసి కావాలి. అడవిలా ఉంటుందని కుండీ మీద ఎండుటాకులు, కోసిన గడ్డి దట్టంగా పరిచి ఉంటే అదే దారి. అడవిలో వాలు మీద గాలి ఆడుతుంది, కుండీలో అంచు అడ్డుకుని మొదలు దగ్గర ఆవిరి పడుతుంది. చివికి నల్లబడింది మట్టిలో కలపండి, పచ్చిది పైన వేయకండి. మొదలు చుట్టూ రెండంగుళాలు చిన్న గులకరాళ్ళు పరిస్తే చాలు.

మొలకల కాలంలో నత్తలొక బెడద. లేత మొలక కొసని ఒక్క రాత్రిలో గీరేస్తాయి, ఆ ఏటికి అదే మొలక కాబట్టి పువ్వు పోయినట్టే. కుండీ పక్కన తడి గోనెపట్టా పడేసి ఉంచండి, పొద్దున్నే దాని కింద చేరినవి ఏరేయొచ్చు. ఉప్పు చల్లితే వేళ్ళు చస్తాయి.

---

మెట్టపొలం (జయపురం)

కుండీసాగు గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. డిసెంబర్ నుంచి మే దాకా చుక్క నీరు లేకుండా అన్నట్టు రాశారు. అడవి నేలకి అది సరే, పక్కన చెట్లున్నాయి, కింద చల్లదనం ఉంటుంది. మేడ మీద గమేళా ఏప్రిల్ ఎండకి నిలువునా కాలుతుంది. దుంప చేతికి బరువుగా, గట్టిగా ఉండాలి. మట్టి కాస్త తీసి చూసినప్పుడు తొక్క ముడతలు పడి ఉంటే ఎక్కువ ఎండినట్టు. నిద్రలో ఉన్నన్నాళ్ళు కుండీలు మెట్లకింద నీడలోకి దించేయాలి, నెలకోసారి కుండీ అంచు వెంబడి అర గ్లాసు పోయాలి. మధ్యలో, దుంప మీద పోయకూడదు. కొరాపుట్ పీఠభూమి మీద రాత్రులు చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ అదీ అక్కర్లేదు. గుణుపూర్ వంశధార లోయలో పల్లంలో ఉంది, వేడి ఎక్కువ.

---

కుండీసాగు (పర్లాకిమిడి)

సరిగ్గా చెప్పారు. మేడ మీద పెంచేవారికి అదే మంచిది. నేను నేల మీద, చెట్టు నీడన ఉంచే కుండీలు దృష్టిలో పెట్టుకుని రాశాను. అయితే నెలకోసారి పోసే ఆ అర గ్లాసు జనవరిలో వద్దు, చలిలో తడి ఆరదు. ఫిబ్రవరి చివర మొదలుపెట్టండి.

---

కొండమెట్ట (కొరాపుట్)

సంత దుంపల ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. తీసుకోవద్దండి.

రిజర్వు అడవిలోంచి అనుమతి లేకుండా మొక్క తవ్వడం 1972 నాటి ఒడిశా అటవీ చట్టం ప్రకారం నేరం. ఆర్కిడ్ల కుటుంబం మొత్తం అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం జాబితాల్లో ఉంది. చట్టం అటుంచి, ఈ మొక్క పెరిగే తీరు చూడండి. ఏడాదికి ఒక్కో దుంప మాత్రమే చేరే గొలుసు అది. అమ్మేవాళ్ళు పెద్ద గొలుసులే తవ్వుతారు, పూసేవీ కాయ కట్టేవీ అవే. ఒక్క వాలులో నాలుగు గొలుసులు లేపితే ఆ చోట గింజ రాలే తల్లే ఉండదు. పైగా సంతకి వచ్చేది ఎక్కువగా పూత మీద, వేళ్ళు తెగి వస్తుంది. అది కుండీలో కుదురుకోవడం చాలా కష్టం.

గింజలతో ఇంట్లో పెంచుదామన్నా కుదరదు. ఒక్కో కాయలో గింజలు వేలకు వేలు ఉంటాయి గాని ఒక్కదానిలోనూ మొలకకి తిండి ఉండదు. తగిన శిలీంధ్రం గింజలోకి చేరి తిండి అందిస్తేనే అది లేస్తుంది. ఆర్కిడ్ మొలకకి శిలీంధ్రం కావాలన్న సంగతిని 1899లో ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్ గుర్తించాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన జెల్లీ మీద శిలీంధ్రం లేకుండానే మొలిపించాడు. ఈనాటికీ ప్రయోగశాలల్లో సీసాల్లో పెంచేది ఆ దారిలోనే. ఆ సీసా మొక్కలు, లేదా ఎవరి కుండీలోనైనా పెరిగి విడదీసిన గొలుసులు, ఈ రెండే సరైన వనరులు. భువనేశ్వర్‌లోని ప్రాంతీయ వృక్ష వనరుల కేంద్రంలో ఆర్కిడ్ల సేకరణ ఉంది, అక్కడ అడిగి చూడండి.

ఇంకో మాట. మీ ఊరి వాలులో ఉన్న మొక్కలకి సాయం చేయాలనుంటే తవ్వకుండానే చేయొచ్చు. చుట్టూ లాంటానా మొలకలు చిన్నవిగా ఉన్నప్పుడే, జులైలో నేల మెత్తగా ఉండగా, వేళ్ళతో సహా పీకండి. నేల అటవీ శాఖది అయితే ముందు బీట్ గార్డుకి ఒక మాట చెప్పండి. పెద్దవైతే పీకొద్దు, మొదలంటా నరకండి, పీకితే పక్కనున్న దుంపల గొలుసు లేచిపోతుంది. ఫిబ్రవరిలో మొక్కలున్న చోటు చుట్టూ రెండడుగుల వెడల్పున ఎండుటాకులు ఊడ్చి బయటి వైపుకి తీసేస్తే మంట లోపలికి రాదు. లోపలి ఆకుల్ని మాత్రం ముట్టుకోవద్దు. ఫిబ్రవరికి ఆకులుండవు కాబట్టి చోటు తెలియదు, అందుకని సెప్టెంబర్‌లోనే దగ్గరి చెట్టు మొదట్లో రాయి పెట్టి గుర్తు చేసుకోండి. దుంపల మీద పెట్టకండి, చెట్టు పక్కనే పెట్టి ఎన్ని అడుగుల దూరమో, ఏ వైపో రాసుకోండి.

---

వంశధార_గట్టు (గుణుపూర్)

ఊదా పూల కుండీలో గోధుమరంగు గింజలు కనపడ్డాయండి, ఆకుమట్టి గారు చెప్పిందే. తీసి కడిగాను, ఆరు దుంపల్లో రెండు గట్టిగా ఉన్నాయి. ఆ రెండిట్లో ఒకటి చెడిన దాన్ని ఆనుకునే ఉంది. దాన్నీ తీసేయాలా?

---

ఆకుమట్టి (రాయగడ)

పక్క దుంపనీ తీసేయమన్నాను గాని, మీకు మిగిలినవి రెండే కాబట్టి దాన్ని విడిగా చిన్న కుండీలో పెట్టండి, పారేయొద్దు. కోసిన చోట లోపల తెల్లగా, శుభ్రంగా ఉంటే బతుకుతుంది, గోధుమరంగు చార కనిపిస్తే అంతవరకూ మళ్ళీ కోయండి. స్పాథోగ్లాటిస్ దుంప సగం పైకి ఉండాలి, మర్చిపోకండి. మందు పోసిన తరవాత వారం దాకా నీళ్ళు వద్దు, ఆ తరవాత కూడా కొత్త మొలక కనపడేదాకా చిలకరించడమే. ఎరువు అప్పుడే వేయకండి.